కారు ఇల్లా, వీధా? అమెరికాలో లోడెడ్ తుపాకీతో ప్రయాణం

2013 అక్టోబరులో ఫిలడెల్ఫియా యువతి ఒకామె కారులో అట్లాంటిక్ సిటీ వైపు వెళ్తోంది. ఇద్దరు చిన్న పిల్లల తల్లి. ఏడాదిలో రెండుసార్లు దోపిడీకి గురవడంతో భయపడి పిస్టల్ కొనుక్కుంది. దాన్ని వెంట ఉంచుకోవడానికి పెన్సిల్వేనియాలో పర్మిట్ కూడా తీసుకుంది. డెలావేర్ నది దాటి న్యూజెర్సీలోకి వచ్చాక, మామూలు ట్రాఫిక్ తనిఖీలో భాగంగా పోలీసు ఆమె కారు ఆపాడు. ఆమె ఏమీ దాచలేదు. కారులో తుపాకీ ఉందని, ఇదిగో పర్మిట్ అని తనే చెప్పింది. అక్కడికక్కడే అరెస్టు చేశారు. ఆమె మీద పెట్టిన కేసుకు న్యూజెర్సీ చట్టంలో కనీస శిక్ష మూడున్నరేళ్లు. ఆ మూడున్నరేళ్లలో పెరోల్ కూడా ఉండదు.

ఆమె ఎవరినీ బెదిరించలేదు, తుపాకీ పేల్చలేదు. నదికి అవతల ఆమె చట్టాన్ని గౌరవించే పౌరురాలు. ఇవతలికి వచ్చేసరికి నేరస్థురాలు. కేసు మీద దేశమంతా గొడవ జరిగాక 2014లో ప్రాసిక్యూటర్ మెట్టు దిగి, జైలు లేకుండా బయటపడే కార్యక్రమంలో ఆమెను చేర్చాడు. 2015 ఏప్రిల్‌లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష ఇచ్చారు. మధ్యలో నలిగిపోయింది మాత్రం ఒక కుటుంబం.

ఆమె చేసిన పొరపాటు ఒక్కటే. తుపాకీ పర్మిట్‌ను డ్రైవింగ్ లైసెన్సు లాంటిదే అనుకుంది. టెక్సస్‌లో తీసుకున్న డ్రైవింగ్ లైసెన్సు న్యూయార్క్‌లో చెల్లుతుంది. తుపాకీ పర్మిట్ అలా కాదు. ఏ రాష్ట్రం పర్మిట్‌ను ఏ రాష్ట్రం ఒప్పుకుంటుందన్నది ఆ రాష్ట్రాల ఇష్టం. దేశమంతటా చెల్లేలా చేయాలన్న బిల్లును 2017 డిసెంబరులో ప్రతినిధుల సభ ఆమోదించింది, సెనేట్‌లో అది ముందుకు కదల్లేదు.

ఈ చట్టాలన్నిటి అడుగున ఒక ప్రశ్న ఉంది. కారు అనేది ఇల్లా, వీధా? ఇంట్లో తుపాకీ ఉంచుకోవడానికి అమెరికాలో దాదాపు ఎక్కడా పెద్ద అభ్యంతరం ఉండదు. వీధిలో పట్టుకు తిరగడానికి ఒక్కో రాష్ట్రం ఒక్కో షరతు పెడుతుంది. కారు ఈ రెండింటికీ మధ్యలో ఉంది. తలుపు మూస్తే మన సొంత గది, కానీ నడిచేది అందరి రోడ్డు మీద. కారును ఇంటి కిందకి లెక్కేసే రాష్ట్రంలో తూటాలు నింపిన పిస్టల్ సీటు పక్కన ఉన్నా తప్పు కాదు. వీధి కింద లెక్కేసే రాష్ట్రంలో అదే పిస్టల్ జైలుకి దారి.

టెక్సస్ ఈ ప్రశ్నతో నూట ముప్ఫై ఏళ్లకు పైగా కుస్తీ పట్టింది. తుపాకుల రాష్ట్రమని ఇప్పుడు పేరున్నా, అక్కడ 1871లోనే పిస్టళ్లు వెంట పెట్టుకు తిరగడాన్ని నిషేధించారు. ప్రయాణంలో ఉన్నవాళ్లు సామానుతో పాటు ఆయుధం తీసుకెళ్లవచ్చని మాత్రం మినహాయింపు ఇచ్చారు. అసలు ప్రయాణం అంటే ఏమిటి? పక్క కౌంటీకి వెళ్తే ప్రయాణమా? రాత్రి బయట బస చేస్తేనే ప్రయాణమా? గుర్రబ్బండ్ల కాలంలో రాసిన మాటకు ఫ్రీవేల కాలంలో అర్థం వెతకాల్సి వచ్చింది. కోర్టులు ఒక్కో కేసులో ఒక్కో రకంగా చెప్పుకుంటూ వచ్చాయి. 2005లో శాసనసభ ఒక దారి చూపింది. సొంత కారులో, తుపాకీ బయటికి కనబడకుండా, వేరే నేరం ఏదీ చేయకుండా వెళ్తున్న మనిషిని ప్రయాణికుడిగానే భావించాలంది. కొందరు జిల్లా అటార్నీలు, అంటే స్థానిక ప్రాసిక్యూటర్లు, దాన్ని పట్టించుకోకుండా కేసులు పెడుతూనే వచ్చారు. దాంతో 2007లో ప్రయాణం అనే మాట అవసరమే లేకుండా, సొంత వాహనంలో పిస్టల్ ఉండటం నేరం కాదని నేరుగా రాసేశారు. 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టం తుపాకీకి అనర్హులుగా చెప్పని వాళ్లు బయట కూడా పర్మిట్ లేకుండానే పిస్టల్ పెట్టుకోవచ్చు. ఇలా పర్మిట్ అడగని రాష్ట్రాలు 2024 నాటికి 29 అయ్యాయి.

అయితే టెక్సస్‌లో కారు పూర్తిగా ఇల్లయిపోలేదు. కారులో పిస్టల్ బయటికి కనబడేలా ఉంటే అది హోల్‌స్టర్ అనే తొడుగులో ఉండాలి, డాష్‌బోర్డు మీద ఊరికే పడేసి ఉండకూడదు. ఇంతకన్నా ముఖ్యమైన షరతు ఇంకోటి ఉంది. చిన్నపాటి ట్రాఫిక్ ఉల్లంఘనలు తప్ప మరే నేరం చేస్తున్నా కారులో పిస్టల్ ఉండే హక్కు అప్పటికప్పుడు పోతుంది. తాగి బండి నడపడం ఆ కోవలోకే వస్తుంది. అంటే శనివారం రాత్రి పార్టీ నుంచి వస్తూ పోలీసులకు దొరికిన మనిషి కారు కన్సోల్‌లో, అంటే రెండు సీట్ల మధ్య అరలో, పిస్టల్ ఉంటే, తాగి నడిపిన కేసుకు తోడు అక్రమ ఆయుధం కేసు కూడా పడుతుంది. ఇది డల్లాస్, ఆస్టిన్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సిన సంగతి. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

కాలిఫోర్నియా సరిగ్గా ఎదురు జవాబు చెప్పింది. ఆ జవాబు వెనక జాతి వివక్ష చరిత్ర కూడా ఉంది. 1960లలో ఓక్లాండ్‌లో నల్లజాతి హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్ పార్టీ సభ్యులు లోడెడ్ తుపాకులతో కార్లలో తిరుగుతూ, నల్లజాతి వాళ్లను పోలీసులు ఆపిన చోట దూరంగా నిలబడి గమనించేవాళ్లు. అప్పటి చట్టం ప్రకారం అది తప్పు కాదు. దాన్ని ఆపడానికే డాన్ మల్ఫర్డ్ అనే శాసనసభ్యుడు బిల్లు తెచ్చాడు. 1967 మే 2న పాంథర్లు తుపాకులతో శాక్రమెంటోలోని శాసనసభ భవనంలోకి వెళ్లి నిరసన తెలిపారు. ఆ దృశ్యం చూసి బిల్లు ఇంకా గట్టిపడింది. అప్పటి గవర్నర్ రోనాల్డ్ రీగన్ దాని మీద సంతకం పెట్టారు. బహిరంగ ప్రదేశంలో, అక్కడున్న వాహనంలో లోడెడ్ తుపాకీ ఉండటం అప్పటి నుంచి కాలిఫోర్నియాలో నేరం. లోడ్ అయిందో లేదో పోలీసు చూస్తానంటే చూపించాలి, కాదంటే అదే అరెస్టుకు తగిన కారణం. పర్మిట్ లేని మనిషి పిస్టల్‌ను ఖాళీ చేసి, డిక్కీలో గానీ తాళం వేసిన పెట్టెలో గానీ పెట్టి తీసుకెళ్లాలి. ముందు సీటు ఎదుట ఉండే గ్లవ్ బాక్స్‌కి తాళం వేసినా అది పెట్టె కిందకి రాదు.

ఒక వర్గం చేతిలోని తుపాకీని చూసి పుట్టిన చట్టం తర్వాత అందరికీ వర్తించింది. దాని పుట్టుక న్యాయంగా లేకపోయినా, లోడెడ్ తుపాకులు కార్లలో తిరగకుండా చూడటం ప్రజల భద్రతకు మేలే చేస్తుందన్న వాదనలోనూ బలం ఉంది. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజమే కావచ్చు. అమెరికా తుపాకీ చరిత్రలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి.

మూడో రకం చట్టాలకు మనుషుల గొడవతో సంబంధం లేదు. అవి జింకల కోసం పుట్టాయి. రోడ్డు పక్కన కారు ఆపి కిటికీలోంచి జింకను కాల్చడం, గతుకుల దారిలో ట్రక్కు ఊగినప్పుడు రైఫిల్ పేలి పక్కనున్న స్నేహితుడికి తగలడం వేట ప్రాంతాల్లో పాత బాధలే. అందుకే చాలా రాష్ట్రాలు రైఫిల్, షాట్‌గన్ లాంటి పొడవాటి తుపాకులను కారులో లోడ్ చేసి ఉంచకూడదన్నాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఈ నియమం వన్యప్రాణి చట్టంలోనే ఉంది. విస్కాన్సిన్‌లో 2011 నుంచి వాహనంలో పిస్టల్ లోడెడ్‌గా ఉండొచ్చు, దాని పక్కనే ఉన్న రైఫిల్ మాత్రం ఖాళీగా ఉండాలి. పెన్సిల్వేనియాలో పిస్టల్ పర్మిట్ ఉన్నా లోడెడ్ రైఫిల్‌తో కారు ఎక్కకూడదు. చిన్న తుపాకీ అయితే ఫరవాలేదు, పెద్దది అయితే తప్పు అనేది బయటివాళ్లకు తలకిందులుగా అనిపిస్తుంది. జింక వైపు నుంచి చూస్తే అర్థమవుతుంది.

ఇక లోడెడ్ అన్న మాట. ఛాంబర్‌లో, అంటే తూటా పేలే గదిలో, తూటా ఉంటే లోడెడ్ అని ఎవరైనా చెప్తారు. చట్టం అంత తేలిగ్గా వదలదు. తూటా ఛాంబర్‌లో లేకపోయినా, తూటాలున్న మ్యాగజైన్ తుపాకీకి తగిలించి ఉంటే చాలా రాష్ట్రాల్లో అది లోడెడే. పెన్సిల్వేనియా ఇంకో అడుగు ముందుకెళ్లింది. తూటాలు నింపిన మ్యాగజైన్, తుపాకీ ఒకే పెట్టెలో, ఒకే అరలో పక్కపక్కన ఉంటే చాలు, తుపాకీ లోడ్ అయినట్టే. న్యూయార్క్ నిర్వచనం అన్నిటికన్నా విశాలం. తుపాకీ ఖాళీగా ఉన్నా, అందులో పనికొచ్చే తూటాలు అదే మనిషి దగ్గర ఉంటే అది లోడెడ్ తుపాకీయే. తుపాకీ డిక్కీలో, తూటాలు జేబులో ఉన్న మనిషి తన దృష్టిలో జాగ్రత్తపరుడు. న్యూయార్క్ చట్టం దృష్టిలో లోడెడ్ తుపాకీ ఉన్నవాడు. దీనికి ఎదురుగా కాలిఫోర్నియాలో 1996లో ఒక అప్పీలు కోర్టు, షాట్‌గన్ మడమలోని అరలో దాచిన తూటాల వల్ల అది లోడెడ్ కాదని తేల్చింది. పేల్చడానికి సిద్ధంగా ఉండటమే ముఖ్యమని ఆ కోర్టు చూసింది.

పెట్టె అంటే ఏమిటన్న దాని మీదా ఇలాగే వాదనలు జరిగాయి. ఇల్లినాయ్ చట్టం ఖాళీ తుపాకీని 'కేసు'లో పెట్టి తీసుకెళ్లమంది. రెండు సీట్ల మధ్య ఉండే కన్సోల్ కేసు అవుతుందా? 2009లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అవుతుందంది. న్యూజెర్సీ చట్టంలో అయితే గట్టిగా కట్టిన పొట్లం అన్న పాత మాట ఇంకా ఉంది. ఖాళీ తుపాకీని మూసి బిగించిన కేసులో గానీ, అలాంటి పొట్లంలో గానీ, తాళం వేసిన డిక్కీలో గానీ పెట్టి, చట్టం ఒప్పుకున్న చోటికి అవసరానికి మించి దారి మళ్లకుండా వెళ్లాలి. ఫ్లోరిడా మరీ ఉదారం. మూత ఉన్న పెట్టె, జిప్పు ఉన్న సంచి, బటన్ పెట్టిన హోల్‌స్టర్, తాళం వేసినా వేయకపోయినా గ్లవ్ బాక్స్, ఇవన్నీ భద్రంగా పెట్టినట్టే.

ఇన్ని తేడాల మధ్య ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్లడం ఎలా? దీనికి 1986లో ఫెడరల్ చట్టం ఒక సన్నని దారి వేసింది. బయలుదేరే చోటా, చేరే చోటా తుపాకీ కలిగి ఉండటం, వెంట ఉంచుకోవడం చట్టబద్ధమైతే, మధ్యలో వచ్చే రాష్ట్రాల చట్టం ఏదైనా సరే దాటి వెళ్లవచ్చు. తుపాకీ ఖాళీగా ఉండాలి. తుపాకీ, తూటాలు రెండూ కూర్చున్న చోటి నుంచి అందకూడదు. డిక్కీ విడిగా లేని వాహనమైతే తాళం వేసిన పెట్టెలో ఉండాలి. గ్లవ్ బాక్స్, కన్సోల్ ఇక్కడా లెక్కలోకి రావు. చదివితే ధైర్యంగానే ఉంటుంది, కానీ ఈ రక్షణ చాలా సులువుగా జారిపోతుంది.

2005లో యూటా నుంచి పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌కి విమానంలో బయలుదేరిన ఒకాయనకు జరిగింది చూస్తే తెలుస్తుంది. తుపాకీ ఖాళీగా, తాళం వేసిన పెట్టెలో, లగేజీలో ఉంది. నిబంధన ప్రకారం విమాన సంస్థకు చెప్పాడు. న్యూజెర్సీలోని నూవర్క్‌లో మారాల్సిన విమానం తప్పిపోయింది. సామాను ఆయన చేతికొచ్చింది. రాత్రి అక్కడే హోటల్లో పడుకుని, పొద్దున్నే విమానాశ్రయానికి వెళ్లి మళ్లీ నిజాయితీగా తుపాకీ ఉందని చెప్పాడు. న్యూజెర్సీ పోలీసులు అరెస్టు చేశారు. రోజుల తరబడి జైల్లో ఉన్నాడు. కేసు తర్వాత ఎత్తేశారు గానీ, తనకు జరిగిన అన్యాయం మీద ఆయన వేసిన దావా మాత్రం 2010లో అప్పీలు కోర్టులో ఓడిపోయింది. హోటల్ గదిలో తుపాకీ ఆయనకు అందుబాటులో ఉంది కాబట్టి ఫెడరల్ రక్షణ వర్తించదని కోర్టు చెప్పింది. సామాను చేతికి తీసుకోకుండా విమానాశ్రయంలోని పోలీసుల దగ్గరికో సిబ్బంది దగ్గరికో వెళ్లాల్సిందని సలహా కూడా ఇచ్చింది. చట్టాన్ని అక్షరాలా పాటించాలని చూసిన మనిషికి ఇలా జరగడం బాధ కలిగిస్తుంది. ఆ తీర్పులో తర్కం ఉండొచ్చు, దయ మాత్రం కనబడదు.

2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో, ఇంటి బయట కూడా ఆత్మరక్షణ కోసం పిస్టల్ వెంట ఉంచుకోవడం రాజ్యాంగ హక్కని తేల్చింది. ప్రత్యేక కారణం చూపిస్తేనే పర్మిట్ ఇస్తామనే న్యూయార్క్ పద్ధతి చెల్లదంది. దానికి జవాబుగా న్యూజెర్సీ 2022 డిసెంబరులో కొత్త చట్టం చేసి, పర్మిట్ ఉన్నవాళ్లు కూడా కారులో లోడెడ్ పిస్టల్ ఉంచకూడదంది. పర్మిట్ ఇస్తాం, కారులో మాత్రం వద్దు అంటే, కారు లేకుండా అడుగు వేయలేని చోట ఆ పర్మిట్‌తో ఏం చేయాలి? 2023 జనవరిలో ఫెడరల్ జిల్లా కోర్టు ఆ నిబంధనను నిలిపివేసింది. వాదన ఆ తర్వాత పై కోర్టులకు పోయింది. మొదట చెప్పుకున్న ఫిలడెల్ఫియా తల్లికి మాత్రం ఈ మార్పుతో పని లేదు. పక్క రాష్ట్రం పర్మిట్‌ను న్యూజెర్సీ ఇప్పటికీ ఒప్పుకోదు.

బడి దగ్గరి నియమం చాలామందికి తెలియదు. స్కూలు ఆవరణ నుంచి 1,000 అడుగుల లోపు, అంటే సుమారు 300 మీటర్లలో, తుపాకీ ఉండటం ఫెడరల్ నేరం. 1990లో చేసిన ఈ చట్టాన్ని 1995లో సుప్రీంకోర్టు కొట్టేస్తే, 1996లో కాంగ్రెస్ సవరించి మళ్లీ తెచ్చింది. ఖాళీ తుపాకీ తాళం వేసిన పెట్టెలో ఉంటే ఫరవాలేదు. ఆ స్కూలున్న రాష్ట్రం లైసెన్సు ఇచ్చినవాళ్లకూ మినహాయింపు ఉంది. చిక్కు ఎక్కడంటే, పర్మిట్ అవసరమే లేదన్న రాష్ట్రంలో పర్మిట్ తీసుకోని మనిషికి ఈ మినహాయింపు అందదు. ఊళ్లో ఏ రోడ్డు మీద వెళ్లినా ఏదో ఒక బడి 300 మీటర్లలో తగులుతుంది. అలా దాటిపోయే కారు మీద ఈ ఒక్క కారణంతో కేసు పెట్టడం అరుదే. అయినా పర్మిట్ లేకపోయినా సరేననే రాష్ట్రాల్లో కూడా తెలిసినవాళ్లు పర్మిట్ తీసుకోవడానికి ఇదీ ఒక కారణం.

పోలీసు ఆపినప్పుడు ఏం జరుగుతుందన్నది వేరే సంగతి. 1977లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. గడువు తీరిన నంబర్ ప్లేటుతో వెళ్తున్న కారును ఫిలడెల్ఫియా పోలీసులు ఆపి డ్రైవర్‌ను దిగమన్నారు. కోటు కింద ఉబ్బెత్తుగా కనబడితే తడిమి చూశారు. తూటాలు నింపిన రివాల్వర్ దొరికింది. ఆపిన కారులోంచి డ్రైవర్‌ను దిగమనే అధికారం పోలీసుకు ఉందని కోర్టు చెప్పింది. ప్రమాదం ఉందనడానికి సహేతుకమైన అనుమానం ఉంటే కారు లోపల ఆయుధం కోసం వెతకవచ్చని 1983లో ఇంకో తీర్పు వచ్చింది. తుపాకీ ఉందని ముందుగా చెప్పాలా వద్దా అన్నదీ రాష్ట్రాన్ని బట్టే. మిషిగన్, నార్త్ కరోలినాల్లో పర్మిట్ ఉన్న మనిషి అడక్కముందే చెప్పాలి. ఒహాయోలో 2022 నుంచి అడిగితేనే చెప్పాలి.

మిన్నెసోటాలో కూడా అడిగితే పర్మిట్ చూపిస్తే చాలు. అయినా ఫిలాండో కాస్టిల్ తనంతట తనే చెప్పాడు. 2016 జులై 6న ఫాల్కన్ హైట్స్‌లో పోలీసు కారు ఆపాడు. 32 ఏళ్ల కాస్టిల్ స్కూలు క్యాంటీన్లో పనిచేసేవాడు, పర్మిట్ ఉంది. నా దగ్గర తుపాకీ ఉందని మర్యాదగా చెప్పిన కొన్ని క్షణాలకే పోలీసు ఏడు గుళ్లు పేల్చాడు. కారులో కాస్టిల్ స్నేహితురాలు, ఆమె నాలుగేళ్ల కూతురు ఉన్నారు. మరుసటి ఏడాది జూన్‌లో జ్యూరీ ఆ పోలీసును నిర్దోషిగా వదిలేసింది. చట్టం ప్రకారం కాస్టిల్ చేసినదాంట్లో తప్పు లేదు. అయినా నల్లజాతి మనిషికి ఆ కాగితం రక్షణ కాలేదు. తుపాకీ శిక్షకులు ఇప్పుడు చెప్పే జాగ్రత్తలు ఇలాంటి సంఘటనల నుంచి వచ్చినవే. చేతులు స్టీరింగ్ మీద కనబడేలా ఉంచాలి, రాత్రయితే లోపలి లైటు వేయాలి, చెప్పకుండా దేనికోసమూ చెయ్యి చాపకూడదు. కారు కాగితాలు, తుపాకీ ఒకే గ్లవ్ బాక్స్‌లో పెట్టకూడదు. కాగితాలు అడిగినప్పుడు చెయ్యి వెళ్లేది అక్కడికే కదా.

తుపాకీని కారులో వదిలి వెళ్లడం ఇంకో ప్రమాదం. ఆఫీసులోకి తుపాకీ రానివ్వరు, కాబట్టి అది పార్కింగ్‌లో కారులోనే ఉండిపోతుంది. టెక్సస్‌లో తాళం వేసిన కారులో ఉద్యోగి చట్టబద్ధంగా తుపాకీ పెట్టుకుంటే చాలావరకు యజమాని కాదనకూడదని 2011లో చట్టం చేశారు. దొంగలకూ ఈ సంగతి తెలుసు. 2015 జులై 1న శాన్‌ఫ్రాన్సిస్కో సముద్రపు ఒడ్డున తండ్రితో నడుస్తున్న ఒక యువతి తుపాకీ గుండు తగిలి చనిపోయింది. ఆ పిస్టల్ కొద్దిరోజుల ముందు ఒక ఫెడరల్ అధికారి కారులోంచి దొంగిలించినది. 2017 నుంచి కాలిఫోర్నియాలో పిస్టల్‌ను కారులో వదిలి వెళ్లాల్సి వస్తే డిక్కీలో గానీ బయటికి కనబడకుండా తాళం వేసిన పెట్టెలో గానీ పెట్టాలి. పోలీసులకూ ఇదే నియమం.

ఇప్పటిదాకా చెప్పినదంతా తుపాకీ పట్టుకునే అర్హత ఉన్నవాళ్ల గురించి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లలో చాలామందికి మొదటి ప్రశ్న లోడెడా, ఖాళీయా అన్నది కాదు. వీసా ఏమిటన్నది. 1998 నుంచి ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ కలిగి ఉండటమే నేరం. ఎఫ్-1 విద్యార్థి, హెచ్-1బి ఉద్యోగి, హెచ్-4 మీదున్న భార్య లేక భర్త, పిల్లల్ని చూడ్డానికి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు, అందరికీ ఇదే. కొన్ని మినహాయింపులు ఉన్నాయి, వాటిలో ఎక్కువమందికి పనికొచ్చేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. 2022 సవరణ తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు.

వీసా హోదా పోతే వేట లైసెన్సు కూడా కాపాడదు. సుప్రీంకోర్టు 2019లో తేల్చిన రెహైఫ్ కేసులో ముద్దాయి ఫ్లోరిడాలో చదవడానికి స్టూడెంట్ వీసా మీద వచ్చినవాడు. మార్కులు బాగా రాక యూనివర్సిటీ తీసేసింది. ఆ తర్వాత ఒక షూటింగ్ రేంజ్‌కి వెళ్లి కాల్చాడు. నేరం అంతే. తన హోదా పోయిందన్న సంగతి ముద్దాయికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలని సుప్రీంకోర్టు చెప్పి కేసును వెనక్కి పంపింది. అది ఆయనకు కొంత ఊరట. వీకెండ్‌లో సరదాగా రేంజ్‌కి పోదాం అని రూమ్మేట్ పిలిచినప్పుడు ఈ కేసు ఎవరికీ గుర్తుకు రాదు. మన ఊళ్లలో బ్యాంకు గుమ్మం దగ్గర గార్డు భుజాన ఉన్న డబుల్ బ్యారెల్ తుపాకీ తప్ప ఇంకోటి దగ్గరగా చూసి ఎరగని పిల్లలు వీళ్లు. మన దేశంలో లైసెన్సు దొరకడమే గగనం, ఎన్నికల కోడ్ వస్తే ఉన్న తుపాకీని కూడా స్టేషన్లో అప్పగించమంటారు. అక్కడి నుంచి వచ్చిన కుర్రాడికి దుకాణంలో వరుసగా పేర్చిన తుపాకులు చూస్తే, ఇక్కడ ఇది మామూలే కాబోలు అనిపించడం సహజం.

కారు విషయంలో ఇంకో చిక్కుంది. చట్టం దృష్టిలో తుపాకీ కలిగి ఉండటమంటే చేత్తో పట్టుకోవడమే కాదు. అది అక్కడ ఉందని తెలిసి, దాని మీద పట్టు ఉండటం కూడా. నలుగురు కుర్రాళ్లు కలిసి వాడుకునే కారు కన్సోల్‌లో ఒకడి పిస్టల్ ఉంటే, దాని సంగతి తెలిసీ ఆ కారు తీసుకెళ్లిన ఎఫ్-1 విద్యార్థి చిక్కుల్లో పడొచ్చు. న్యూయార్క్‌లో ఇది మరీ కఠినం. అక్కడ కారులో తుపాకీ దొరికితే, కొన్ని మినహాయింపులు పోను, కారులో ఉన్న అందరి దగ్గరా అది ఉన్నట్టే భావించడానికి చట్టం వీలిస్తుంది. 1973లో న్యూయార్క్ త్రూవే అనే హైవే మీద వేగంగా వెళ్తున్న కారును ఆపితే, 16 ఏళ్ల అమ్మాయి హ్యాండ్‌బ్యాగులో రెండు లోడెడ్ పిస్టళ్లు దొరికాయి. ఆమెతో పాటు కారులో ఉన్న ముగ్గురు మగవాళ్లకూ శిక్ష పడింది. 1979లో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో దాన్ని సమర్థించింది. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి అయిదుగురు కలిసి నయాగరా చూడ్డానికి వెళ్లే దారిలోనూ ఆ త్రూవే తగులుతుంది.

అసలు దెబ్బ శిక్ష పూర్తయ్యాక తగులుతుంది. అమెరికా వలస చట్టంలో తుపాకీ నేరాలకు విడిగా ఒక నిబంధన ఉంది. తుపాకీని చట్టవిరుద్ధంగా కొన్నా, కలిగి ఉన్నా, వెంట ఉంచుకున్నా, ఆ నేరం రుజువైన విదేశీయుణ్ణి దేశం నుంచి పంపేయవచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది. నేరం పెద్దదా, చిన్నదా అన్నది చూడదు. టెక్సస్‌లో తాగి నడిపినప్పుడు కన్సోల్‌లో దొరికిన పిస్టల్ కేసు పౌరుడికి ఒక మిస్‌డిమీనర్, అంటే చిన్న తరహా నేరం, గరిష్ఠంగా ఏడాది జైలు. చాలామంది నేరం ఒప్పుకుని జరిమానాతోనో ప్రొబేషన్‌తోనో బయటపడాలని చూస్తారు. పదిహేనేళ్లుగా ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని అక్కడే చదివించుకుంటున్న గ్రీన్ కార్డు కుటుంబానికి అదే ఒప్పుకోలు దేశం వదలమనే నోటీసు కావొచ్చు.

2010లో పాడిల్లా కేసులో సుప్రీంకోర్టు, నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ముప్పు ఉందా లేదా అన్నది పౌరసత్వం లేని కక్షిదారుడికి లాయర్ చెప్పి తీరాలంది. ప్రాసిక్యూటర్‌తో బేరం మాట్లాడేది క్రిమినల్ లాయర్, వీసా సంగతి తెలిసింది ఇమిగ్రేషన్ లాయర్. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నాకే కోర్టులో నోరు తెరవాలి. బెయిల్ వచ్చిన రోజే వాళ్లిద్దర్నీ కలపాలి, కాగితం మీద సంతకం పడ్డాక దాన్ని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.